చెట్ల కబుర్లు: పండుకు బయట గింజ

పిల్లలూ! ఒక కాగితమూ, పెన్సిలూ తీసుకోండి. మీకు తెలిసిన పండు ఏదైనా బొమ్మ వేసి, దానిలో గింజ ఎక్కడ ఉంటుందో చూపించండి. మామిడిపండు వేసినవారు టెంకను నడిమధ్య పెడతారు. సీతాఫలం వేసినవారు గుజ్జులో నల్లచుక్కలు పెడతారు. రేగుపండు వేసినా, బొప్పాయి వేసినా గింజ లోపలే గదా? సరే, ఇప్పుడు జీడిపప్పు కాసే చెట్టుపండు వేయండి చూద్దాం! పాయసంలోనూ, చక్రపొంగలిలోనూ జీడిపప్పు ఏరుకుని తినడం మనందరికీ వచ్చును గాని, అది చెట్టున ఎలా ఉంటుందో బొమ్మ వేయమంటే పెద్దవాళ్ళు కూడా తడుముకుంటారు.

జీడిమామిడి పండుకు గింజ లోపల ఉండదు. పండు అడుగున, బయట, ముక్కుకు వేళ్ళాడే బులాకీలాగా వేళ్ళాడుతూ ఉంటుంది. ఆ గింజలోనిదే మనం తినే పప్పు. మరి అన్ని చెట్లూ గింజను లోపల దాచుకుంటే ఇది ఇంత ధైర్యంగా బయట పెట్టిందేమిటి? ఎందుకంటే, దానికి ఒక కాపలావాడు ఉన్నాడు. ఆ కాపలావాడి సంగతి తెలియక చేతులూ, పెదవులూ కాల్చుకున్న పిల్లలు ఉన్నారు. అందుచేత ఈ నెల ఈ చెట్టును ఎలా పెంచాలో, దానిలో ఏమి తినవచ్చునో చెప్పుకుంటూ, ఏది ముట్టుకోకూడదో కూడా బాగా తెలుసుకుందాం.

ఇసుకలో ఇల్లు

తెనాలిలో రైలెక్కి చీరాల వైపు వెళ్ళేటప్పుడు ఈసారి కిటికీ దగ్గర కూర్చుని నేలను చూడండి. తెనాలి చుట్టుపక్కల నేల నల్లనిది. కృష్ణ కాలువల నీళ్ళు పారే వరిచేలు. అటు రేపల్లె వైపు వెళ్ళినా అంతే. నిడుబ్రోలు దాటి, అప్పికట్ల దాటి, బాపట్ల చేరేసరికి నేల రంగు మారుతుంది. సముద్రం దగ్గర పడుతున్నకొద్దీ నలుపు పోయి ఇసుక కనిపిస్తుంది. ఆ ఇసుకలో తాళ్ళూ, సరుగుడు తోటలూ, వాటి మధ్య గొడుగు విప్పినట్టు గుబురుగా, నేలబారుగా పెరిగిన చెట్లూ కనిపిస్తాయి. అవే జీడిమామిడి చెట్లు. స్టువర్టుపురం, ఈపూరుపాలెం, చీరాల, వేటపాలెం దాకా ఈ ఇసుక నేల మనతోనే వస్తుంది.

వరి బతకలేని చోట ఈ చెట్టు ఎలా బతుకుతున్నది? దాని వేళ్ళు లోతుకూ పోతాయి, పక్కలకూ పోతాయి. వాన పడ్డప్పుడు ఇసుక నీటిని నిలవనివ్వదు. జీడిమామిడికి కావలసింది అదే. వేళ్ళ దగ్గర నీరు నిలిస్తే దానికి గిట్టదు. ఎండకు ఓర్చుకుంటుంది గాని తడికాళ్ళతో నిలబడలేదన్నమాట.

ఇంతగా మన ఇసుకకు అలవాటు పడ్డ ఈ చెట్టు మన దేశపు చెట్టు కాదంటే నమ్మగలరా? దీని పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని బ్రెజిలు దేశపు ఈశాన్య తీరం. అక్కడి తూపీ జాతివారు దీనిని 'అకజూ' అనేవారు. పోర్చుగీసువారు ఆ మాటను 'కజు' చేశారు. హిందీవారి 'కాజూ' అందులోంచి వచ్చినదే. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు దీనిని ఓడల మీద మన పడమటి తీరానికి తెచ్చారు. అక్కడినుంచి అది తూర్పు తీరానికీ వచ్చింది. గాలికి ఎగిరిపోయే ఇసుకనూ, వానకు కొట్టుకుపోయే మట్టినీ పట్టి ఉంచడానికి కూడా ఈ చెట్టును నాటేవారు.

బ్రెజిలులో నాటాల్ నగరానికి దగ్గరగా పిరాంజీ అనే చోట ఒక్క జీడిమామిడి చెట్టు దాదాపు రెండు ఎకరాలు ఆక్రమించి ఉన్నది! దాని కొమ్మలు బరువుకు నేలకు వంగి, తగిలినచోట వేళ్ళు దిగి, మళ్ళీ పైకి లేచి పాకుతూ పోయాయి. దూరంనుంచి చూసినవారు అదొక తోట అనుకుంటారు. దగ్గరికి వెళితే ఒక్కటే చెట్టు.

పేరులోనే హెచ్చరిక

మనవాళ్ళు ఈ కొత్త చెట్టుకు పేరు పెట్టడంలో మంచి తెలివి చూపించారు. ముంత ఆకారంలో పండు ఉన్నదని కొందరు 'ముంతమామిడి' అన్నారు. ఎక్కువమంది 'జీడిమామిడి' అన్నారు. మన అడవుల్లో ఎప్పటినుంచో నల్లజీడి అనే చెట్టు ఉన్నది. దాని గింజల రసంతో బట్టలు ఉతికేవారు బట్టలకు గుర్తులు పెట్టేవారు. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ గుర్తు పోదు. ఆ రసం ఒంటికి తగిలితే మాత్రం పొక్కుతుంది. కొత్తగా వచ్చిన చెట్టు గింజకూ ఆ గుణమే ఉన్నదని మనవాళ్ళు కనిపెట్టారు. చెట్టు చూస్తే మామిడిని పోలి ఉన్నది. జీడీ, మామిడీ కలిపి జీడిమామిడి అయింది.

వింత ఏమిటంటే, వృక్షశాస్త్రజ్ఞులు కూడా చివరికి అదే మాట అన్నారు. నల్లజీడి, మామిడి, జీడిమామిడి, మనం తినే పిస్తా కూడా ఒకే కుటుంబానికి చెందినవని వారు నిర్ణయించారు. శాస్త్రంలో జీడిమామిడి పేరు 'అనకార్డియం ఆక్సిడెంటేల్'. ఆ పేరు పెట్టిన స్వీడను శాస్త్రజ్ఞుడు లినేయసు 1753లో దానిని తన గ్రంథంలో చేర్చాడు.

మామిడికాయ ముచ్చిక విరిచినప్పుడు కారే సొన పెదవికి తగిలితే ఎలా మండుతుందో మీకు తెలుసు గదా? జీడిగింజ పెంకులో ఉండే రసం ఆ సొనకు పెద్దన్నయ్య. అదే ఇందాక చెప్పిన కాపలావాడు.

ముందు గింజ, తరువాత పండు

మన ప్రాంతంలో చలికాలంలో ఈ చెట్టు పూస్తుంది. కొమ్మల చివర గుత్తులు గుత్తులుగా, తెల్లగా, గులాబి చారలతో చిన్న చిన్న పూలు వస్తాయి. ఒక్కొక్క గుత్తిలో వందల పూలు ఉండవచ్చును. కాని వాటిలో చాలావరకు మగపూలు, అవి కాయలు కావు. ఈగలూ, తేనెటీగలూ పుప్పొడి మోస్తేనే మిగిలినవాటికి పిందె కడుతుంది. చివరికి గుత్తికి నిలిచేవి కొద్ది కాయలు మాత్రమే. పూతమీద మబ్బు పట్టినా, వాన పడినా ఆ కొద్దీ తగ్గిపోతుంది.

పిందె కట్టిన తరువాత జరిగేది జాగ్రత్తగా గమనించండి. ముందు పెరిగేది గింజ. ఆకుపచ్చగా, మూత్రపిండం ఆకారంలో, సన్నని కాడకు వేళ్ళాడుతూ నెల రోజులలోపలే అది తన పూర్తి పరిమాణానికి వస్తుంది. అప్పటికి పండు జాడే ఉండదు. గింజ పెరగడం అయ్యాక, అది వేళ్ళాడే కాడ ఉబ్బడం మొదలు పెడుతుంది. ఉబ్బి, ఉబ్బి, రసం నిండి, పసుపుపచ్చగానో ఎర్రగానో మిలమిల మెరిసే పండు అవుతుంది. పూవునుంచి ఇదంతా జరగడానికి సుమారు రెండు నెలలు పడుతుంది.

అంటే మనం పండు అనుకుంటున్నది నిజానికి ఉబ్బిన కాడ! శాస్త్రప్రకారం అసలు పండు గింజే. అందుకే కాడపండును శాస్త్రజ్ఞులు 'అబద్ధపు పండు' అంటారు. అబద్ధపుదైనా దాని పని అది చేస్తుంది. ఎర్రగా కనబడి, కమ్మగా వాసన కొట్టి, గబ్బిలాలనూ ఇతర జంతువులనూ పిలుస్తుంది. అవి వచ్చి పండు ఎత్తుకుపోయి తింటాయి. గింజను మాత్రం కొరకలేక పారవేస్తాయి. చెట్టుకు కావలసింది అదే! గింజ దూరాన పడి మొలుస్తుంది. బయట పెట్టినా గింజను ఎవరూ తినలేరని చెట్టుకు అంత ధీమా.

కాపలావాడు

జీడిగింజ పెంకును అడ్డంగా కోస్తే తేనెతుట్టెలాగా చిన్న చిన్న గదులు కనిపిస్తాయి. ఆ గదుల నిండా చిక్కని, గోధుమరంగు నూనె ఉంటుంది. ఒంటికి తగిలితే చర్మం మండి, బొబ్బలు ఎక్కుతుంది. తగిలిన వెంటనే తెలియకపోవచ్చును కూడా. మరునాటికి తెలుస్తుంది. అందుచేత ఈ నాలుగు మాటలూ గుర్తు పెట్టుకోండి:

చెట్టు కింద దొరికిన గింజను పళ్ళతో కొరకకూడదు. రాయితో కొట్టి పప్పు తీయాలని చూడకూడదు. ఇంట్లో పొయ్యిలో పడేసి కాల్చకూడదు, ఎందుకంటే కాలేటప్పుడు ఆ నూనె చిటపటలాడుతూ ఎగిరి పడుతుంది, దాని పొగ కళ్ళకూ, ఊపిరితిత్తులకూ హాని చేస్తుంది. గింజలు ముట్టుకున్న చేత్తో కళ్ళు నులుముకోకూడదు.

ఒకవేళ నూనె తగిలిందా, వెంటనే సబ్బుపెట్టి ధారాళంగా నీళ్ళతో కడుక్కుని, అమ్మకో నాన్నకో చెప్పండి. బొబ్బలు వచ్చినా, కంట్లోగాని నోట్లోగాని పడినా వైద్యుడి దగ్గరకు వెళ్ళవలసిందే. ఇంట్లో తిట్టుతారేమోనని దాచుకోవద్దు సుమా!

అంత చెడ్డ నూనె ఎందుకూ పనికిరాదనుకోకండి. కర్మాగారాల్లో ఆ నూనెను పిండి రంగులలోనూ, వార్నీషులలోనూ, మోటారు బండ్ల బ్రేకుల తయారీలోనూ వాడతారు. గింజను కాపాడిన నూనె బస్సును ఆపడానికీ సాయపడుతున్నదన్నమాట.

కాపలావాణ్ణి దాటిన చేతులు

మరి ఆ పెంకులోంచి పప్పు తెల్లగా, చెక్కు చెదరకుండా మన ఇంటికి ఎలా వస్తున్నది? దానికి సమాధానం కావాలంటే చీరాల పక్కనున్న వేటపాలెం వెళ్ళాలి. ఆ ఊరు జీడిపప్పుకు ప్రసిద్ధి. ఉత్తరాన శ్రీకాకుళం జిల్లాలో పలాస, గోదావరి సీమలో మోరి కూడా ఇలాంటి ఊళ్ళే.

మొదట గింజలను బాగా ఎండబెడతారు. తరువాత ఆవిరిమీద ఉడికించడమో, వేయించడమో చేస్తారు. దానితో పెంకు పెళుసవుతుంది. ఆ తరువాత ఒక్కొక్క గింజనూ విడివిడిగా పగలగొట్టాలి. పెంకు పగలాలి, లోపలి పప్పు మాత్రం పగలకూడదు. చేత్తోనూ కాలితోనూ నడిపే చిన్న యంత్రంమీద ఈ పని చేస్తారు. పెద్ద యంత్రాలు వచ్చిన చోట్ల కూడా చేతిపని పూర్తిగా పోలేదు. పగలగొట్టిన పప్పును వేడిగదిలో ఆరబెట్టి, పైనున్న ఎర్రని పొర ఒలిచి, గుండ్లు వేరుగా, బద్దలు వేరుగా, ముక్కలు వేరుగా ఏరుతారు.

ఈ పనులు చేసేవారిలో చాలామంది స్త్రీలు. నూనె అంటకుండా చేతులకు బూడిదో, ఆముదమో రాసుకోవడం మన దేశంలో పాతకాలంనుంచీ ఉన్న అలవాటు. తొడుగులు వేసుకుంటే అంతకంటె మేలు, కాని తొడుగులతో వేళ్ళకు చురుకుదనం తగ్గుతుంది. పని వేగం తగ్గితే కూలి తగ్గుతుంది, ఎందుకంటే చాలాచోట్ల కూలి ఇచ్చేది ఒలిచిన కిలోల లెక్కన. అందుచేత కొందరు తొడుగులు తీసేసి పని చేస్తారు. వారి వేళ్ళు నల్లబడిపోతాయి.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. మామూలు జీడిగింజ 5 గ్రాములు ఉంటుందనుకోండి. దానిలో పప్పు నూటికి 28 వంతులు, అంటే 1.4 గ్రాములు. మిగిలినదంతా పెంకూ, పొరా. అయితే కిలో పప్పు కావాలంటే ఎన్ని గింజలు పగలగొట్టాలి? వేయిని 1.4తో భాగించండి. ఏడువందల పైచిలుకు వస్తుంది! పండుగకు మీ ఇంట్లో పావుకిలో కొంటే, ఎవరో ఒకరు మీకోసం దాదాపు 180 గింజలు ఒక్కొక్కటిగా పగలగొట్టారన్నమాట. జీడిపప్పుకు అంత ధర ఎందుకో ఇప్పుడు తెలిసింది గదూ?

దుకాణంలో '320 రకం', '240 రకం', '210 రకం' అని అంటూ ఉంటారు, విన్నారా? అది పప్పు పరిమాణానికి గుర్తు. ఒక పౌనుకు, అనగా 454 గ్రాములకు, గుండ్లు ఎన్ని తూగుతాయో ఆ అంకె చెబుతుంది. అంకె చిన్నదైతే పప్పు పెద్దది.

మంచి చెట్టుకు మంచి బిడ్డ పుడుతుందా?

ఇక పెంపకం సంగతి. మీ ఊళ్ళో ఒక జీడిమామిడి చెట్టు బస్తాలకొద్దీ కాస్తున్నదనుకోండి. దాని గింజ తెచ్చి నాటితే అంత బాగా కాస్తుందా? కాయవచ్చును, కాయకపోవచ్చును. గింజలో సగం తల్లిచెట్టు గుణాలు, మిగిలిన సగం పుప్పొడి ఇచ్చిన చెట్టు గుణాలు. పుప్పొడి ఏ చెట్టునుంచి వచ్చిందో మోసిన ఈగకే తెలియాలి! అందుచేత గింజలతో వేసిన తోటలో ఒక చెట్టు 10 కిలోలు కాస్తే పక్క చెట్టు ఒక కిలో కూడా కాయకపోవచ్చును.

ఈ చిక్కు విప్పడానికి బాపట్లలో పని జరిగింది. 1945లో వ్యవసాయ కళాశాల వెలసిన ఆ ఊళ్ళోనే, 1950 తరువాతి దశకంలో జీడిమామిడి పరిశోధన మొదలయింది. అక్కడివారు చేసిన పని చెప్పడానికి సులువే, చేయడానికి ఓపిక కావాలి. చెట్లకు అంకెలు వేశారు. ఏటేటా ఏ చెట్టు ఎన్ని గింజలు కాసిందీ, గింజ ఎంత తూగిందీ, దానిలో పప్పు ఎంత ఉన్నదీ రాసుకున్నారు. మంచివాటిని ఎన్నుకుని, ఒకదాని పుప్పొడి మరొకదాని పూలకు అద్ది కొత్త మొక్కలు పుట్టించారు. అవి పెరిగి కాపుకు వచ్చేదాకా ఏళ్ళ తరబడి వేచి, మళ్ళీ కొలిచారు. అలా వచ్చిన రకాలకు బాపట్ల పేరుమీద బి.పి.పి. అని పేరు. బి.పి.పి. 4 అనే రకానికి మూలం మన ఈపూరుపాలెం చెట్టు. 1993లో విడుదల అయిన బి.పి.పి. 8 రకం గింజ 8 గ్రాములు తూగుతుంది. దాని పప్పు ఏ రకంలోకి వస్తుందో పై లెక్క ప్రకారం మీరే కట్టి చూడండి. 8 గ్రాములలో నూటికి 28 వంతులు, అంటే 2 గ్రాముల పైన. 454ను దానితో భాగిస్తే 200 పైచిలుకు. అంటే 210 రకం!

సరే, అంత మంచి చెట్టు ఒకటి దొరికితే, దానిని గింజతో కాకుండా వేయి చెట్లు చేయడం ఎలా? అందుకే అంటు కట్టడం. గింజ వేసి మొలిపించిన లేత మొక్క తల కోసి, కాండంలో చీలిక చేసి, ఆ చీలికలో మంచి చెట్టు కొమ్మను ములుకులా చెక్కి దిగేసి, పట్టీ చుట్టి కట్టుతారు. కొన్ని వారాలకు రెండూ అతుక్కుని ఒకటవుతాయి. వేరు ఒకరిది, పైచెట్టు మరొకరిది. పైచెట్టు గుణం మాత్రం మంచి చెట్టుది అక్షరాలా అలాగే వస్తుంది.

దూరదేశంలో ఇలాంటి కథే ఒకటి ఉన్నది. అమెరికాలో హికరీ అనే జాతి చెట్లు ఉన్నాయి. అవి మన కాశ్మీరు అక్రోటు చెట్టుకు దాయాదులు. వాటిలో పీకన్ అనే చెట్టు పప్పు చాలా రుచిగా ఉంటుంది. దానిదీ ఇదే చిక్కు, గింజ వేస్తే తల్లి గుణం రాదు. లూసియానా రాష్ట్రంలో ఓక్ ఆలీ అనే తోటలో ఆంటువాన్ అనే తోటమాలి 1847 ప్రాంతంలో ఒక మంచి పీకన్ చెట్టు కొమ్మలు తెచ్చి అంట్లు కట్టి, నిలబెట్టాడు. అతడు బానిస. తాను పెంచిన చెట్లుగాని, ఆ చెట్ల కాయలుగాని అతనివి కావు. 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన గొప్ప ప్రదర్శనలో ఆ కాయలకు మెప్పు లభించింది. 'సెంటెన్నియల్' అనే పేరుతో ఆ రకం నిలిచింది. అతని పేరులో మాత్రం ఆంటువాన్ అన్న ఒక్క మాటే మనదాకా వచ్చింది. అయినా నేటి పీకన్ తోటలన్నీ అతడు చూపిన దారినే నడుస్తున్నాయి.

మీరూ నాటండి

జీడిమామిడి పెద్ద చెట్టు. చెట్టుకూ చెట్టుకూ మధ్య 7, 8 మీటర్ల ఎడం కావాలి. కాబట్టి ముందు చోటు చూసుకోండి. పెరట్లో చోటు లేకపోతే బడి ఆవరణలో ఉండవచ్చును. మేష్టారిని అడగండి. బాపట్ల, చీరాల పిల్లలకు ఇసుక నేల ఉన్నది, చిక్కు లేదు. తెనాలి, రేపల్లె పిల్లలు నల్లమట్టిలో పల్లంలో నాటితే వానాకాలంలో మొక్క చచ్చిపోతుంది. మీరు మెరకచోటు చూసి, ఇసుక, ఎరువు కలిపిన మట్టితో దిబ్బ పోసి, నీరు బయటకు పోయే దారి చేసి, ఆ దిబ్బమీద నాటాలి.

గింజ ఎలా మొలుస్తుందో చూడాలనే సరదా ఉంటే, పెద్దవారి సాయంతో ఇలా చేయండి. ఈ ఏటి గింజలు, పండి రాలినవి, కొన్ని తెచ్చి నీళ్ళలో వేయండి. తేలినవి పారవేయండి, మునిగినవే మంచివి. వాటిని ఒక రోజు నానబెట్టి, కాడ ఉండే వైపు పైకి వచ్చేలాగ మట్టి నింపిన సంచిలో రెండు అంగుళాల లోతున నాటండి. గింజలు తీసేటప్పుడూ నాటేటప్పుడూ చేతులకు తొడుగులు ఉండాలి. రెండు మూడు వారాలకు మొలక పైకి వస్తుంది. రెండు లావాటి పప్పుబద్దలు రెక్కల్లా విచ్చుకోవడం చూడవలసిన వేడుక.

కాపు కావాలంటే మాత్రం నర్సరీలో అంటుమొక్కే కొనండి. తొలకరి వానలు పడ్డాక రెండడుగుల గుంట తీసి, పైమట్టీ పశువుల ఎరువూ కలిపి నింపి, అతుకు నేలకు పైన ఉండేలాగ నాటండి. అతుకు దగ్గర చుట్టిన పట్టీని జాగ్రత్తగా విప్పాలి. గాలికి ఊగకుండా కర్ర పాతి కట్టాలి. అతుకు కిందనుంచి చిగుళ్ళు వస్తే గిల్లివేయాలి. అవి కింది మొక్కవి, పైచెట్టు ఆహారాన్ని దొంగిలిస్తాయి. మొదటి రెండేళ్ళు వేసవిలో నీళ్ళు పోయాలి. ఆ రెండేళ్ళలో పూత వస్తే తుంచివేయాలి. మనసొప్పదు గాని, చెట్టు ముందు బలపడాలి గదా! మూడో ఏట కాయనివ్వవచ్చును. ఎనిమిది, పదేళ్ళకు నిండు కాపు.

మరొక పని మీదే. వారానికి ఒకసారి చెట్టు మొదలు చుట్టూ తిరిగి చూడండి. బెరడులోంచి బంక కారినా, రంపపు పొట్టులాంటి పొడి రాలినా కాండం తొలిచే పురుగు చేరిందన్నమాట. ఆకులు పసుపు పడేదాకా ఊరుకుంటే చెట్టు దక్కదు. ముందుగా కనిపెడితే పెద్దవాళ్ళు పురుగును తీసివేసి చెట్టును బతికించగలరు. ఇందుకు చిన్నపిల్లల కళ్ళే మంచివి. మొదలు మీకు దగ్గర గదా!

ఏమి తినవచ్చును?

బజారులో 'పచ్చి జీడిపప్పు' అని అమ్మేది కూడా కర్మాగారంలో వేడి చూసి వచ్చినదే. దానిని భయం లేకుండా తినవచ్చును. దానిలో సుమారు అయిదో వంతు మాంసకృత్తులు, దాదాపు సగం కొవ్వు ఉంటాయి. కాబట్టి గుప్పెడు తింటే బలం, గిన్నెడు తింటే అజీర్తి. కొందరి ఒంటికి మాత్రం జీడిపప్పు అసలే పడదు. తిన్న వెంటనే ముఖం వాచినా, ఊపిరి అందకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మరి పండు? అయ్యో, దానిని తలచుకునేవారే తక్కువ! గింజ తీసుకుని పండును తోటలోనే వదిలివేస్తారు. ఆ పండులో సి విటమిను నారింజలోకంటె నాలుగైదు రెట్లు ఎక్కువ. అయితే అది ఒకటి రెండు రోజులకే కుళ్ళిపోతుంది, దూరం పంపడానికి వీలుకాదు. తింటే నాలుక పట్టివేసినట్టు వగరు. రసం బట్టలమీద పడితే మరక పోదు. వగరు తగ్గాలంటే పండ్లను కడిగి, కొంతసేపు ఆవిరిమీద ఉంచితే చాలు. తరువాత రసం పిండి, వడకట్టి, పంచదార, నిమ్మరసం కలిపితే మంచి పానకం అవుతుంది. గింజను పండునుంచి విడదీసే పని మాత్రం పెద్దవారికే వదలండి. గోవాలో ఈ రసంతో ఫెనీ అనే సారా కాస్తారు గాని, అది మన పత్రిక సంగతి కాదు!

ఇక మొదట అడిగిన బొమ్మ వేయండి. పైన పండు, దాని అడుగున గింజ. గింజ చుట్టూ ఒక చిన్న ఎర్రగీత కూడా గీయండి, అది కాపలావాడికి గుర్తు. ఈసారి పాయసంలో పప్పు దొరికినప్పుడు ఆ గీతను తలచుకోండి. దానిని దాటి ఆ పప్పును బయటకు తీసినవారి చేతులను కూడా తలచుకోండి. చివరి పప్పు కోసం అన్నాచెల్లెళ్ళు దెబ్బలాడుకునే ముందు ఒక్క క్షణం ఆగితే, అది రెండు బద్దలుగా సులువుగా విడివడుతుందన్న సంగతి కూడా గుర్తుకు రావచ్చును.